దోషి అనే మాటకు ఒక తేదీ ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో ఒక వార్తకు 'దోషులకు 14 రోజుల రిమాండ్' అని శీర్షిక పెట్టారు. అదే వారం లోపలి పేజీలో మరో వార్త వచ్చింది: 'బాలికపై అత్యాచారం కేసులో నిందితుడికి 20 ఏళ్ల జైలు'. మొదటి వార్తలోని ముగ్గురినీ పోలీసులు ముందురోజే పట్టుకున్నారు. వాళ్ల మీద ఇంకా చార్జిషీటు కూడా పడలేదు. రెండో వార్తలోని మనిషి విషయంలో సాక్షుల విచారణ ముగిసింది, వాదనలు అయిపోయాయి, న్యాయమూర్తి తీర్పు చదివి శిక్ష కూడా వేశారు. అంటే, దోషులు కానివాళ్లను దోషులన్నారు, దోషి అయినవాణ్ణి నిందితుడిగానే ఉంచారు. రెండు శీర్షికల్లోని మాటలను అటుదిటు మార్చి ఉంటే రెండూ సరిపోయేవి.

నేను హనుమకొండ అదాలత్‌లో టైపిస్టుగా చేరి, బెంచి క్లర్కుగా చేసి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పత్రికలకు ఉత్తరాలు రాయడం కుదరలేదు. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే మధ్యలో కత్తిరించండి, చివర ముట్టుకోకండి. అడగవలసింది అక్కడే ఉంది.

కోర్టులో టైపు చేసేవాళ్లకు ఈ మాటల తేడా ఎవరూ పాఠంగా చెప్పరు, చేతివేళ్లకే అలవాటవుతుంది. ఇల్లు దోపిడీకి గురైన ముసలమ్మ బోనులో నిలబడి, ఎదురుగా ఉన్న మనిషికేసి చేయి చాచి "వాడే! ఆ దొంగముండాకొడుకే!" అని అరుస్తుంది. జడ్జిగారు ఆమెను ఒకసారి చూసి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పేది ఒక్క ముక్క. ఏ1ను, అంటే కేసులో మొదటి నిందితుణ్ణి, సాక్షి కోర్టు హాలులో గుర్తించింది, అంతే. ఆ తిట్టు రికార్డులోకి ఎక్కదు. ఆమె కోపం అబద్ధమని కాదు. ఆమె బంగారం పోయిన మాట నిజం, ఆమె మెడ మీద గాటు నిజం. ఆ మనిషే ఆ పని చేశాడా అన్నది తేల్చడానికే అందరం అక్కడ కూర్చున్నాం కాబట్టి, తేలేదాకా అతడు ఏ1 మాత్రమే.

నిజాం కాలంలో మన దగ్గర కోర్టు భాష ఉర్దూ. నేను చేరేనాటికి ఆ రోజులు పోయాయిగాని, ఆ భాషలో చదువుకున్న పెద్ద వకీళ్లు ఒకరిద్దరు ఇంకా వస్తుండేవారు. వాళ్ల నోట ముల్జిమ్, ముజ్రిమ్ అనే రెండు మాటలు వినిపించేవి. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు ముల్జిమ్. నేరం రుజువైనవాడు ముజ్రిమ్. చెవికి దాదాపు ఒక్కలాగే ఉంటాయి. జూనియర్ ఎవరైనా ఒకదాని బదులు రెండోది అంటే పెద్దాయన అక్కడికక్కడే ఆపి, మాట సరిదిద్దించి, ఆ తర్వాతే వాదన సాగనిచ్చేవారు. అంత దగ్గరి మాటలనే వాళ్లు కలిపేయలేదు. మనకు నిందితుడు, దోషి అని రెండు మాటలున్నాయి, ఒక్క అక్షరం పోలిక లేదు. అయినా కలిపేస్తున్నాం.

ముద్దాయి అనే మాటది ఇంకో తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసిన ఫిర్యాది. ఎదుటి పక్షం ముద్దా అలైహ్. తెలుగులోకి వచ్చేసరికి ఫిర్యాది పేరు తీసుకెళ్లి నిందితుడికి తగిలించాం. పోనివ్వండి, అది పాతుకుపోయింది, దాన్ని కదపమని నేను అడగడం లేదు. ముద్దాయి అంటే నేరం మోపబడినవాడని ఇప్పుడు అందరికీ ఒకే అర్థం తడుతుంది. దాని వల్ల ఎవరి కాపురమూ కూలలేదు.

నిందితుడు అన్నది మాత్రం ఎంతో ఆలోచించి పెట్టిన మాటలా ఉంటుంది. నింద పడ్డవాడు. ఆ నింద నిజమో కాదో మాట చెప్పదు. ఏటా వినాయక చవితినాడు మనం అక్షింతలు చేతిలో పట్టుకుని వినే కథ అదే కదా. సత్రాజిత్తు తన తమ్ముడు ప్రసేనుణ్ణి శ్రీకృష్ణుడే చంపి శమంతకమణి కాజేశాడని ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. మణి కోసం కృష్ణుడే అడవికి వెళ్లి, సింహం జాడ, ఎలుగుబంటి జాడ పట్టి, జాంబవంతుడితో పోరాడి తెచ్చి ఇచ్చేదాకా ఆయన హత్య కేసులో నిందితుడే. ఆ రోజుల్లో పత్రికలుంటే 'మణి దొంగ కృష్ణుడి ఆటకట్టు' అని వేసేవేమో. జైలును 'శ్రీకృష్ణ జన్మస్థానం' అని మీరు సరదాగా రాస్తుంటారు. అక్కడ పుట్టిన ఆ బిడ్డ ఏ నేరమూ చేయలేదని, ఆయన్ను కన్నవాళ్లు కూడా చేయలేదని ఆ సరదాలో మరచిపోతాం.

ఇక దోషి ఎప్పుడవుతాడు? పోలీసులు పట్టుకున్నప్పుడు కాదు, మేజిస్ట్రేటు రిమాండుకు పంపినప్పుడు కాదు, చార్జిషీటు వేసినప్పుడూ కాదు. అభియోగం చదివి వినిపించి "ఒప్పుకుంటావా?" అని అడిగితే "ఒప్పుకోను, విచారణ జరపండి" అంటాడు. అప్పటి నుంచి సాక్షులు వస్తారు, రారు, వచ్చి మాట మారుస్తారు, వాయిదాలు పడతాయి. చివరికి ఒక రోజు తీర్పు. హత్యల వంటి పెద్ద నేరాలు విచారించే సెషన్స్ కేసుల్లో ఆ రోజు కూడా రెండు అంచెలుంటాయి. నేరం రుజువైందని జడ్జిగారు ముందు చెబుతారు. ఆ తర్వాత శిక్ష గురించి ఆ మనిషి చెప్పుకునేది వినాలి, అది చట్టం. ఇంట్లో ముసలి తల్లి ఉందనో, చిన్న పిల్లలున్నారనో, ఇదే మొదటి తప్పనో చెప్పుకుంటారు. కొందరు ఏమీ చెప్పరు, నేల చూస్తారు. అదయ్యాక శిక్ష. నేరం రుజువైందన్న ఆ మాట పడిన క్షణం నుంచే దోషి. దానికి ఒక తేదీ ఉంటుంది, తీర్పు ప్రతి మీద రాసి ఉంటుంది. పైకోర్టు ఆ తీర్పును కొట్టేస్తే ఆ పేరు మళ్లీ పోతుంది. దానికీ ఒక తేదీ ఉంటుంది.

'దోషులకు రిమాండ్' అనే శీర్షిక చదివి నవ్వొచ్చిందంటే అందుకే. విచారణలో ఉన్నవాడికే రిమాండు. నేరం రుజువై శిక్ష పడ్డవాణ్ణి శిక్ష అనుభవించడానికి పంపిస్తారు. ఆ తేడా జైలు గేటు దగ్గర కాపలా ఉండే వార్డర్‌కు కూడా తెలుసు. రిమాండు ఖైదీ సొంత బట్టల్లో ఉంటాడు, పని చేయనక్కర్లేదు. శిక్షాఖైదీకి తెల్ల బట్టలు, నంబరు, కఠిన కారాగారమైతే పని. ఇద్దరినీ వేరువేరుగా ఉంచాలని 1894 నాటి జైళ్ల చట్టంలోనే ఉంది. మన వరంగల్ సెంట్రల్ జైలు 1886 నుంచి ఉండేది. 2021లో ఖాళీ చేయించి, కూల్చి, ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. ఆ గోడల లోపల ఉన్నవాళ్లంతా నేరం చేసినవాళ్లేనని ఊళ్లో సగం మంది అనుకునేవారు. దేశం లెక్కలు చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022 చివరికి జైళ్లలో ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి మీద ఇంకా తీర్పే రాలేదు.

ఇప్పుడు మీ విలేకరులకు ఎంతో ఇష్టమైన వాక్యం దగ్గరికి వస్తాను. 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం అంగీకరించాడు.' ఏమిటండీ ఆ శైలి? రాసేవాళ్లకు తెలుసు, చదివేవాళ్లకు తెలుసు, అందరం కలిసి చిన్నగా నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడి మీద రుజువుగా పనికిరాదు. బ్రిటిష్ కాలపు సాక్ష్య చట్టంలో అదే ఉంది, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అదే ఉంది. అతడు చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు తీసుకుంటారు, అంతకుమించి లేదు. కోర్టు పక్కన పెట్టే ఆ మాటనే మీరు శీర్షిక చేస్తారు.

మాస్కులు తొడిగి, వెనక వరసలో తల దించుకుని నిలబెట్టి, ముందు బల్ల మీద సెల్‌ఫోన్లు, తాళాల గుత్తులు, ఒక ఇనుప రాడ్డు పరిచి తీసే ఫొటో ఒకటుంది. మాస్కు కూడా లేకుండా వేసిన రోజులున్నాయి. ఆ ముఖాన్ని పొద్దున పేపర్లో చూసిన సాక్షి, తర్వాత గుర్తింపు పరేడ్‌లో "ఇతనే" అంటే ఆ మాటకు విలువేముంటుంది? డిఫెన్సు వకీలు మొదట అడిగే ప్రశ్న అదే: "పేపరు చదువుతావా?" ఆ ఫొటో వల్ల నిజమైన దొంగలు శిక్ష తప్పించుకున్న కేసులను నేను టైపు చేశాను. కాబట్టి ఇదేదో దొంగల పక్షాన రాస్తున్న ఉత్తరమని అనుకోకండి. పోలీసులు మీడియాకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదానిపై సమగ్రమైన మార్గదర్శకాలు తయారు చేయాలని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో కేంద్ర హోం శాఖను ఆదేశించింది. అవి ఎలా వచ్చినా, శీర్షిక పెట్టేది మాత్రం పోలీసులు కాదు.

మా ఇంటి బోరు మోటారు కాలినప్పుడల్లా చుట్టి ఇచ్చే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. హసన్‌పర్తి వైపు రోడ్డు పక్కన చిన్న వైండింగ్ దుకాణం. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయే ముఠాను పోలీసులు పట్టుకున్నారు. ఆ రాగి కొన్నవాళ్లలో ఇతనొకడని కేసులో ఏ4గా చేర్చారు. వైండింగ్ దుకాణంలో రాగి తీగ ఉండటంలో వింతేముంది? ఏ పత్రికో చెప్పను, మర్నాడు 'ట్రాన్స్‌ఫార్మర్ల దొంగల ముఠా ఆటకట్టు' అని నాలుగు పేర్లు, నలుగురి ఊళ్లు వేశారు. కేసు ఏళ్లపాటు నడిచింది. తీగ దుకాణంలో దొరికిందన్న పంచనామా మీద సాక్షులుగా సంతకం పెట్టిన ఇద్దరూ కోర్టుకొచ్చి, తమను స్టేషన్‌కు పిలిచి తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారన్నారు. దుకాణంలో దొరికిన తీగ ట్రాన్స్‌ఫార్మర్‌లోదేనని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఇతనిపై కేసు కొట్టేశారు.

అతడు తీర్పు నకలు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. పాలిథిన్ కవరులో మడతలు పెట్టిన పాత పేపరు ముక్క, దాని వెనక ఇంగ్లీషు తీర్పు. తీర్పు అతనికి చదవరాదు. వకీలు చివరి పేజీలో ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చిన వాక్యం మీద వేలు పెట్టి, "మేడం, నిర్దోషి అని ఉన్నది ఇదేనా?" అని అడిగాడు. అదేనన్నాను. "ఇది పేపరులో వేయించడానికి ఎంతవుతుంది?" అన్నాడు. ప్రకటన అనుకున్నాడు పాపం. డబ్బు కట్టి వేయించుకోవలసిన సంగతి అనుకున్నాడు. పాత వార్త ఇంకా ఫోనులో అతని పేరు కొడితే వస్తుంది, కొడుకు తోటి పిల్లలు దాన్నే చూపిస్తారట. రైతులు మోటార్లు పక్క ఊరి దుకాణానికి తీసుకెళ్తున్నారు. ఎవరూ ముఖం మీద ఏమీ అనరు, అడిగితే దూరమని చెబుతారు.

అతని వార్త రాసిన విలేకరి కేసు సంఖ్య కూడా రాశారు. ఆ సంఖ్యతో కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూడటం పెద్ద పని కాదు. ఎవరూ చూడలేదు. అరెస్టయితే అది వార్త, తీర్పు వస్తే అది వార్త కాదు.

ఇంకో సంగతి. మన భాషలో క్రియకు మర్యాద అంటుకుని ఉంటుంది. మోటారు మెకానిక్ 'కొన్నాడు', 'దాచాడు', 'పట్టుబడ్డాడు'. కోట్ల కుంభకోణంలో పేరున్న నాయకుడు 'విచారణకు హాజరయ్యారు', 'అస్వస్థతకు గురయ్యారు'. ఇద్దరూ నిందితులే. చట్టం ముందు ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు, మీ వ్యాకరణంలో మాత్రం లేరు. నిజం చెప్పాలంటే ఇది నేరవార్తలకే పరిమితమైన జబ్బు కాదు. అప్పుల బాధతో పురుగుమందు తాగిన రైతు 'మృతి చెందాడు', మాజీ మంత్రి 'కన్నుమూశారు'. ఏ తప్పూ చేయని రైతుకే దక్కని బహువచనాన్ని నిందితుడికి ఇవ్వమని అడిగితే నవ్వుతారని తెలుసు. కనీసం పై ఇద్దరు నిందితులకూ ఒకే క్రియ వాడండి, ఏకవచనమైనా సరే.

నిందితుడికీ దోషికీ తేడా ఎవరికీ తెలియదని కాదు. నాయకులకు బాగా తెలుసు. కేసు గురించి అడగగానే "అవి ఆరోపణలే, కోర్టులో తేలలేదు" అంటారు, సరిగ్గానే అంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నేరం రుజువై రెండేళ్లు లేదా ఆపైన శిక్ష పడితే సభ్యత్వం పోతుంది. అప్పీలు పేరుతో పదవిలో కొనసాగే వెసులుబాటు కూడా చెల్లదని 2013 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి దోషి అన్న మాట పడే రోజును వాళ్లు వణుకుతూ చూస్తారు. మళ్లీ మైకు ముందుకు రాగానే ఎదుటి పార్టీని 'ప్రజాకోర్టులో దోషిగా నిలబెడతాం' అంటారు, మీరు దాన్ని శీర్షిక చేస్తారు. పోనీ, దాన్ని ఉపన్యాస అలంకారం కింద వదిలేద్దాం.

నాకు అన్నింటికంటే గుచ్చుకునే మాట 'పాత నేరస్తుడు'. స్టేషన్‌లో గతంలో కేసులున్న ప్రతివాడినీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ కేసులు కొట్టేశారా, రాజీ అయ్యాయా, నడుస్తున్నాయా అన్నది ఆ మాటలో కనిపించదు. మీరు దాన్ని యథాతథంగా దింపుతారు. కోర్టులో దీని గురించి ఎంత జాగ్రత్త ఉందో చెబితే ఆశ్చర్యపోతారు. ఒకడికి ఇదివరకు నిజంగానే శిక్ష పడి ఉందనుకోండి. దానివల్ల ఈసారి ఎక్కువ శిక్ష పడే అవకాశం ఉందనుకోండి. అయినా సరే, సెషన్స్ విచారణలో ప్రస్తుత కేసులో దోషి అని తేలేదాకా ఆ పాత శిక్ష గురించి ప్రాసిక్యూషన్ నోరు విప్పకూడదు. వీడు మొదటినుంచీ ఇలాంటివాడేనన్న ఊహ తీర్పులోకి చొరబడకుండా ఆ ఏర్పాటు. న్యాయమూర్తికే అప్పుడే చెప్పకూడదన్న సంగతిని మనం ఇంటింటికీ పొద్దున్నే వేసి వస్తున్నాం.

నేరస్తుడు అన్న మాటను కొందరు నేరస్థుడు అని ఒత్తు పెట్టి రాస్తారు. గృహస్థుడు ఇంట్లో ఉన్నట్టు ఇతడు నేరంలోనే కాపురముంటాడన్నమాట! ఒకప్పుడు ప్రభుత్వమే అలా అనుకుంది. 1871లో మొదలైన నేరస్త తెగల చట్టం కింద కొన్ని కులాలకు కులాలనే పుట్టుకతో నేరస్తులని రాసుకున్నారు. ఆ జాబితాల్లో ఎరుకలవాళ్లు ఉన్నారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ కాలపు సెటిల్‌మెంటే. ఏ కోర్టూ విచారించలేదు, ఏ సాక్షీ రాలేదు, తల్లి కడుపులోంచి బయటపడటమే రుజువు. 1952లో ఆ చట్టం రద్దయినా, దాని వెంటే 'అలవాటుపడిన నేరస్తులు' అనే కొత్త పేరుతో రాష్ట్రాల చట్టాలు వచ్చాయి. జైలు నియమావళుల్లో ఈ తెగల మీద మిగిలిపోయిన రాతలు, కులాన్ని బట్టి పనులు పంచే పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. దొంగతనం వార్తలో నిందితుల పేర్లతో పాటు తండా పేరో, కులం పేరో రాసేటప్పుడు మీ డెస్కులో ఎవరైనా దీన్ని ఒకసారి తలచుకుంటే బాగుంటుంది.

తీర్పు దాకా ఆగితే బాధితులకు అన్యాయం కాదా అని మీరు అడగవచ్చు. మన ఊరి సంగతులే రెండు చెబుతాను. 2020 మే నెలలో వరంగల్ శివారు గొర్రెకుంటలోని బావిలో తొమ్మిది శవాలు తేలాయి. వలస వచ్చిన కుటుంబంలో ఆరుగురు, మరో ముగ్గురు, ఒళ్లు జలదరించే కేసు. అదే ఏడాది అక్టోబరు 28న వరంగల్ కోర్టు నిందితుణ్ణి దోషిగా నిర్ధారించి ఉరిశిక్ష వేసింది. అయిదు నెలలు. ఆ రోజు నుంచి దోషి అనండి, హంతకుడనండి, ఎంత పెద్ద అక్షరాలతోనైనా వేయండి. చనిపోయినవాళ్ల తరఫున రుజువై వచ్చిన మాట అది.

రెండోది 2008 డిసెంబరు. ఇంజనీరింగ్ చదువుతున్న ఇద్దరమ్మాయిలపై యాసిడ్ పోశారు, వాళ్లలో ఒకరు ఆ నెలాఖరుకే ప్రాణం విడిచారు. ఆ అమ్మాయిల వేదన తలచుకుంటే ఇప్పటికీ నాకు మాట పెగలదు. దాడి జరిగిన మూడు రోజులకే నిందితులు ముగ్గురూ మామునూరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలామంది పండగ చేసుకున్నారు, పోలీసులకు పూలదండలు వేశారు. ఆ ముగ్గురినీ నేరస్తులని పత్రికలన్నీ రాశాయి. వాళ్లే చేశారేమో, నేను కాదనను. కానీ అది ఏ కోర్టులోనూ రుజువు కాలేదు, ఇక ఎప్పటికీ కాదు. ఆ అమ్మాయిల తల్లిదండ్రులకు కూడా, 'నేరం రుజువైనది' అనే వాక్యమున్న తీర్పు కాగితం ఒకటి చేతికి రాలేదు. దోషి అన్న మాట బాధితుల హక్కు కూడా అని నేననేది అందుకే. రుజువై వచ్చినప్పుడు కూడా 'నిందితుడికి 20 ఏళ్లు' అని రాస్తే, కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పిన ఆ బాలిక ఇంకా నింద వేస్తున్నట్టే ఉంటుంది. ఆమె చెప్పినది నిజమని తేలిందండీ. తేలిందని రాయండి.

పిల్లల విషయం క్లుప్తంగా. 'బాల నేరస్తులు' అన్న మాట ఇప్పటికీ మీ పేజీల్లో కనిపిస్తోంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లల వ్యవహారంలో నిందవేసే మాటలు వాడకూడదని ఒక సూత్రంగానే రాసుకుంది. ఆ పిల్లల పేరు, బడి, ఫొటో వేయడం నిషేధం. పేరు తీసేసి 'ఫలానా కాలనీకి చెందిన ఫలానా హోటల్ యజమాని కుమారుడు (16)' అని రాస్తే ఇంకేం మిగిలింది?

శిక్ష ముగిసినవాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పి అసలు మాటకొస్తాను. జీవిత ఖైదు అంటే 14 ఏళ్లని మన ఊళ్లలో గట్టి నమ్మకం. కాదు, జీవితాంతమే. పెద్ద నేరాల్లో ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలాలన్నా కనీసం 14 ఏళ్లు లోపల ఉండి తీరాలని మాత్రమే చట్టం అంటుంది. అలా అన్నేళ్లు ఉండి, సత్ప్రవర్తన చూపి, విడుదలై వచ్చినవాళ్లను మీరు ఏ పేరుతో పిలుస్తున్నారో చూడండి. ఊళ్లో గొడవ జరిగి పదిమంది పేర్లు వస్తే, వాళ్లలో ఒక్కడి పేరు పక్కనే 'గతంలో హత్య కేసులో దోషి' అని ఉంటుంది. ఆ గొడవకు దానితో సంబంధముంటే రాయండి. లేకపోతే ఎందుకు? 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలిన వాళ్లకైతే, నేరం రుజువైనందువల్ల వచ్చే అనర్హతలు కూడా అంటవని చట్టంలోనే ఉంది.

శీర్షికకు స్థలం చాలదని, 'నిందితులు' కంటే 'దొంగలు' పొట్టిమాటని మీ డెస్కువాళ్లు అంటారని తెలుసు. అసలు మనిషికి పేరు పెట్టకుండానే శీర్షిక పెట్టవచ్చు. 'రాగి తీగ చోరీ కేసులో నలుగురి అరెస్టు' అనండి. సంగతి ఒక్కటీ తగ్గలేదు, అబద్ధమూ లేదు, రెండు కాలమ్‌లలో సరిపోతుంది. నేరం రుజువైన రోజున 'దోషికి' అనండి. అప్పీలులో కొట్టేస్తే 'నిర్దోషి' అనండి.

నేను అడిగేది ఇంతే. జిల్లా పేజీలో నెలకొకసారి అర కాలమ్ స్థలం ఇవ్వండి. ఆ పేజీలో మీరు అరెస్టు వార్త వేసిన కేసుల్లో ఆ నెలలో ఏవేవి తేలాయో, శిక్ష పడిందా కొట్టేశారా అన్నది ఒక్కో వాక్యంలో రాయండి. నిర్దోషిగా విడుదలైనవాళ్ల పాత వార్త మీ వెబ్‌సైటులో ఉంటే, దాని కిందే ఆ తీర్పు తేదీ చేర్చండి. ఈ-కోర్టుల సైటులో సీఎన్ఆర్ నంబరు, అంటే కోర్టులో ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే నంబరు, కొడితే కేసు ఏ దశలో ఉందో వస్తుంది. అరెస్టు రోజున విలేకరి దగ్గర ఉండేది స్టేషన్ క్రైమ్ నంబరు మాత్రమే. దాన్ని బట్టి కోర్టు నంబరు పట్టుకోవడం కొత్తవాళ్లకు కొంచెం చిక్కుగా ఉంటుంది. చిన్న కేసులకు సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు పడుతుంది, సెషన్స్‌కు వెళ్లేవి ముందు మేజిస్ట్రేటు కోర్టులో పీఆర్సీ నంబరుతో మొదలై తర్వాత ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరుకు మారతాయి. మీ విలేకరిని ఒక పూట పంపండి. ఏ రిజిస్టరులో ఏది చూడాలో దగ్గరుండి చూపిస్తాను, పొద్దున పదకొండు లోపు అయితే మంచిది, ఆ తర్వాత కోర్టు హాళ్లలో నిలబడటానికి చోటు ఉండదు.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు సూపరింటెండెంటు,
హనుమకొండ